రెండో షిఫ్టు

హేమసుందర్ చెప్పాల్సింది చెప్పేసి, చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. బ్యాటరీ హాల్లో ఎవరూ కదల్లేదు. పొడవాటి బల్లల వెంట నిలబడ్డ ఆడవాళ్లంతా నీలిరంగు కోట్లలో ఒకేలా కనిపిస్తున్నారు. బయట జూన్ ఎండకి గ్రేటర్ నోయిడా మొత్తం పెనంలా కాగుతోంది. సెల్స్ వేడెక్కకూడదని ఆ ఒక్క హాలూ చల్లగా ఉంచుతారు.

"ఇంకో పది రోజుల్లో, పై సోమవారం నుంచి మీరంతా వైరింగు సెక్షన్లో పని చేస్తారు," అన్నాడు హిందీలో, మొదటిసారి వాళ్లకి వినపడలేదేమో అన్నట్టు. "ఉద్యోగాలు పోవు. జీతాలు తగ్గవు. ఇక్కడ రెండు షిఫ్టులూ కాంట్రాక్టరు మనుషులు చూసుకుంటారు. ఒక్క షిఫ్టుకే అయితే అతను మనుషుల్ని ఇవ్వనన్నాడు."

లైన్ లీడరు ఓంవతి గొంతు పెంచలేదు. "మా పనిలో తప్పేమైనా వచ్చిందా సాబ్‌జీ?" అంది.

"లేదు."

"మేం కట్టిన బ్యాటరీ ఏదైనా తిరిగొచ్చిందా?"

"లేదు ఓంవతీ. పనికి వంక పెట్టడం లేదు. రెండో షిఫ్టు మధ్యాహ్నం మొదలై రాత్రి దిగుతుంది. అంత పొద్దుపోయాక ఊళ్లకి మీరెలా వెళ్తారు? బస్సు ఉండదు. ఇళ్లల్లో ఒప్పుకుంటారా?"

వెనక వరసలో ఎవరో చిన్నగా దగ్గారు. ఓంవతి మణికట్టుకున్న పట్టీ విప్పింది. ఒంట్లో పుట్టే కరెంటు సెల్స్‌కి తగలకుండా నేలలోకి దిగిపోవడానికి కట్టుకునే పట్టీ అది. దాని తీగని చుట్ట చుట్టి, సగం కట్టిన బ్యాటరీ పెట్టె పక్కన పెట్టింది.

"మీరు అడగలేదు సాబ్‌జీ," అంది. "చెప్పారు."

తర్వాత మళ్లీ పట్టీ కట్టుకుని రెంచీ అందుకుంది. పూట ఇంకా మిగిలే ఉంది. రాగిపట్టీల మీద బోల్టు బిగిసినప్పుడల్లా రెంచీ 'టిక్కు'మంటోంది. హేమసుందర్ తలుపు దాకా వెళ్లేలోపల మిగతా బల్లల మీద కూడా ఆ చప్పుడు మొదలైంది. అరిచి గొడవ చేస్తారని మనసు గట్టిచేసుకుని వచ్చినవాడు తలుపు మెల్లగా మూసి బయటికి నడిచాడు.

చిరుగాలి మోటార్స్ కరెంటుతో నడిచే మూడుచక్రాల బళ్లు తయారు చేస్తుంది. ఆ పేరు పలకలేక చుట్టుపక్కల హిందీవాళ్లు 'చీరూ గలీ' అంటారు, ఏదో సందు పేరులాగా. హేమసుందర్ అక్కడ ప్లాంట్ హెడ్‌గా చేరి ఆర్నెల్లు దాటింది. మద్రాసు పక్కన ఓ పెద్ద కార్ల ఫ్యాక్టరీలో ఉన్నవాణ్ని పిలిచి మరీ తెచ్చుకుంది కంపెనీ యజమాని జయశీల. ఇప్పుడొక పార్సిళ్ల కంపెనీ దీపావళికల్లా విడతలుగా సరుకు బళ్లు కావాలంటోంది, మొదటి విడత ఆగస్టులోనే. ఇప్పుడు తీసేదానికి మూడింతలు తీస్తే తప్ప ఆ ఆర్డరు తీరదు. ఎక్కడెక్కడ ఎంత పెంచాలో హేమసుందర్ లెక్క వేసి పెట్టాడు. అంతా కుదిరింది, బ్యాటరీ హాలు తప్ప.

జయశీల ఆఫీసులో లేదు. ఫ్యాక్టరీ వెనక, కావాలని గతుకులు పోయించిన సిమెంటు దారి మీద, ఆ పూట తయారైన బండి ఒకటి నడుపుతోంది. రోజూ ఒక బండి ఆమె చేతిమీదుగా ఆ గతుకుల్లో పడాల్సిందే. నలభై అయిదు దాటిన మనిషి, నెరిసిన జుట్టుని రబ్బరు బ్యాండుతో ముడేసి, చుడీదార్ కింద బూట్లు వేసుకుంటుంది. హేమసుందర్ని చూసి బండి ఆపి, వెనక సీటు చూపించింది.

"ఎక్కండి. బరువుంటే చప్పుడు తేడా తెలుస్తుంది."

ఎక్కాడు. ఎముకలు కదిలాయి. రెండు చుట్లు తిరిగాక నీడలో ఆపింది.

"చెప్పారా?"

"చెప్పానండీ."

"ఏమన్నారు?"

ఓంవతి అన్న మాట చెప్పాడు. ఆ మాట దాచిపెట్టాలనిపించింది, కానీ దాచలేకపోయాడు. జయశీల బండి తాళం తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"ఆ మాట నాక్కూడా తగులుద్ది," అంది. "సోమవారం మీరు ప్లాను చూపించినప్పుడు తలూపింది నేనే. ఊ అనేసి ఫోను ఎత్తాను."

"మేడమ్, వేరే దారి లేదు. కాంట్రాక్టరు మనుషులు రెడీగా ఉన్నారు. మీరు సంతకం పెడితే—"

"పెడతాను. మీరు కావాలంటే పెడతాను." ఆమె వెనక్కి తిరిగింది. "రేపు పొద్దున్న ఖాళీయేనా? వాళ్ల ఇళ్లల్లో ఏమంటారో మనిద్దరం ఊహించుకుంటున్నాం తప్ప ఒక్కసారీ అడగలేదు. అడిగొద్దాం. ఆ తర్వాత మీరు ఏ కాగితం తెస్తే దాని మీద సంతకం."

హేమసుందర్‌కి చిరాకేసింది. చేతిలో ఉన్న వారమే తక్కువ. అందులో శనివారం ఊళ్లు తిరగడానికట! పెద్ద కంపెనీల్లో ఇలాంటివి ఎవరూ చేయరు. అయినా సరేనన్నాడు.

*

పొద్దున్నే తానే బండి తోలుకుంటూ అతని అపార్టుమెంటు ముందుకొచ్చి హారన్ కొట్టింది జయశీల. వాచ్‌మన్ అది సవారీ ఆటో అనుకుని గేటు దగ్గరే ఆపేశాడు. హేమసుందర్ వెనక కూర్చున్నాడు. హైవే దాటి దాద్రీ వైపు మళ్లేసరికి లూ మొదలైంది. వేడిగాలి మొహాన కొడుతుంటే ఆమె చున్నీని తలచుట్టూ బిగించి, పళ్ల సందున కీర్తన ఏదో కూనిరాగం తీస్తూ నడిపింది.

ఓంవతి ఇల్లు ఊరి మొదట్లోనే. వాకిట్లో రెండు గేదెలు, వేపచెట్టు కింద నులకమంచం, దాని మీద ఆమె మామగారు రణ్‌బీర్ సింగ్. తెల్లటి ధోవతి, నిటారు నడుము. వచ్చినవాళ్లని మంచం మీద కూర్చోబెట్టి, తాను వెదురు మోడా లాక్కుని కూర్చుని, లోపలికి వినపడేలా మజ్జిగ తెమ్మన్నాడు. ఓంవతి ముసుగు కిందికి లాక్కుని గ్లాసులు తెచ్చింది. ఫ్యాక్టరీలో తలెత్తి మాట్లాడే మనిషి ఆమేనని హేమసుందర్‌కి ఒక క్షణం పోల్చుకోవడం కష్టమైంది.

జయశీల వచ్చిన పని చెప్పింది. ముసలాయన చివరిదాకా విన్నాడు.

"పగలు పంపిస్తున్నాం. పొలం కంటే మంచిదేనని మేమే పంపాం," అన్నాడు. "రాత్రి మాత్రం వద్దు మేడమ్‌జీ. నా కోడలి మీద నాకు అనుమానం లేదు. కానీ ఎవడో డ్రైవరు, ఎవడి బండో, పొద్దుపోయాక నా గుమ్మం ముందు ఆగుతుంది. రోజూ ఆగుతుంది. ఊరు నన్నడగదు. నా కోడల్నే అడుగుతుంది."

హేమసుందర్ జయశీల వైపు చూశాడు. 'చూశారా' అన్నట్టు ఉంది ఆ చూపు. ఆడవాళ్ల హక్కుల గురించి ఆమె ఉపన్యాసం ఏదో మొదలుపెడుతుందనుకున్నాడు.

"నిజమే," అంది జయశీల. "మా అమ్మ ఢిల్లీలో నర్సు. నైటుకి ఆస్పత్రి వ్యాను వచ్చేది. పక్కింటివాళ్లు ఆ వ్యాను డ్రైవరు పేరు అడిగేవాళ్లు, అమ్మ ఏ వార్డులో చేస్తోందని ఎవరూ అడిగేవాళ్లు కాదు." మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టింది. "బండి మీ కోడలిదే అయితే?"

"అంటే?"

"డ్రైవరు లేడు. బండి మీ వాకిట్లో ఉంటుంది. మీ కోడలే నడుపుతుంది. తనతోపాటు ఈ దారిలో ఉన్నవాళ్లని ఎక్కించుకుని, వాళ్లని దింపి, చివర్న ఇంటికొస్తుంది."

హేమసుందర్‌కి మజ్జిగ పొరబోయింది. "మేడమ్, లైసెన్సులు... ఇన్సూరెన్సు..." అన్నాడు తెలుగులో.

గుమ్మంలో నిలబడ్డ ఓంవతి ఏ మాట అర్థం చేసుకుందో, లోపలికి వెళ్లి ఇనప్పెట్టె మూత తీసిన చప్పుడైంది. ప్లాస్టిక్ కార్డు ఒకటి తెచ్చి జయశీలకిచ్చింది. లైసెన్సు.

"రెండేళ్ల కిందట కంపెనీయే ఇప్పించింది," అంది. "మాలో చాలామందికి ఇప్పించారు. మహిళా దినోత్సవమని పది రోజులు నేర్పించి, బళ్ల ముందు నిలబెట్టి ఫొటో తీశారు. ఆ తర్వాత బండి ఎవరూ ఇవ్వలేదు."

జయశీల ఆ కార్డుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె మొహం ఎర్రబడటం హేమసుందర్ అంతకుముందెప్పుడూ చూడలేదు. "ఆ ఫొటో నా గదిలో గోడకుంది," అంది తెలుగులో, తనలో తను అనుకున్నట్టు. తర్వాత లేచి తాళం తీసి ఓంవతి చేతిలో పెట్టింది.

కళ్లంలో మొదలుపెట్టింది ఓంవతి. మొదటి చుట్టులో బండి తేనెటీగ కుట్టిన దున్నలా దూకింది. రెండో చుట్టులో గోడకి ఆరబెట్టిన పిడకల గుట్టని కూల్చింది. గోడ మీద పిల్లలు కేకలేశారు. జయశీల పక్కన పరిగెడుతూ, "పట్టు వదలొద్దు, మెల్లగా తిప్పు! అచ్ఛా! అలాగే!" అంటోంది. ఎండలో ఆమె చుడీదారు వీపుకి అతుక్కుపోయింది. పది రోజుల పాఠం ఎక్కడో ఒంట్లోనే ఉన్నట్టుంది, కాసేపటికి బండి దారికొచ్చింది. ఎప్పుడు ముసుగు వెనక్కి జారిందో ఓంవతి చూసుకోలేదు.

రణ్‌బీర్ సింగ్ ఇదంతా మోడా మీద నుంచే చూశాడు. ఉన్నట్టుండి లేచి, కర్ర ఊతంగా వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. "చౌపాల్ దాకా పోనీ," అన్నాడు కోడలితో. ఊళ్లో పెద్దలు చేరే రచ్చబండ అది.

బండి ఊళ్లోకి మళ్లింది. దుమ్ము తప్ప ఇంకేమీ కనపడలేదు. హేమసుందర్, జయశీల వేపచెట్టు కింద నిలబడ్డారు.

"బండి ఎక్కడైనా గుద్దితే?" అన్నాడతను.

"గుద్దితే బాగుచేసేది మనమేగా," అంది జయశీల. ఆమె కళ్లు మాత్రం దారి మీద నుంచి కదల్లేదు.

తిరిగొచ్చేసరికి బండి వెనక సగం ఊరుంది. చౌపాల్ దగ్గర ముసలాయన అటూ ఇటూ చూడకుండా నిటారుగా కూర్చున్నాడని, ఎవరో పలకరిస్తే 'నా కోడలు తోలుతోంది, కనపడలేదా' అన్నాడని పిల్లలు చెప్పారు. దిగి కర్ర సరిచేసుకుని, "బ్రేకు బాగుంది," అన్నాడు రణ్‌బీర్ సింగ్. అంతే. అవునూ అనలేదు, కాదూ అనలేదు.

ఆ పూటా, ఆదివారమూ తిరుగుతూనే ఉన్నారు. అన్ని ఇళ్లూ అలా లేవు. ఒకచోట అత్తగారు వాళ్ల మొహం మీదే తలుపేసింది. ఒకచోట పాలు తాగే పిల్ల ఉంది. ఆ తల్లే నవ్వుతూ కుదరదంది. ఒక మొగుడు బండి నడిపేది నా పెళ్లామైతే నేనేం చేయాలని పోట్లాటకొచ్చాడు. చర్చికి ఎందుకు రాలేదని వాళ్లమ్మ ఫోనులో కేకలేస్తుంటే జయశీల ఫోను చెవికి దూరంగా పట్టుకుని, రోడ్డు పక్క తోపుడుబండి దగ్గర ఛోలే కుల్చే తింది. హేమసుందర్ ప్లేట్లోని ఉల్లిపాయలు కూడా అడక్కుండానే తీసుకుంది. ఆదివారం సాయంత్రానికి తేలిందేమిటంటే, రెండో షిఫ్టుకి రాగలిగినవాళ్లు సగం మంది కూడా లేరు.

"నేననుకున్నదీ పారలేదు," అంది ఆమె, బండి తాళం వేస్తూ. గొంతులో అలసట దాచుకోలేదు.

*

సోమవారం భోజనాల వేళ క్యాంటీన్లో బ్యాటరీ హాలువాళ్ల మధ్య కూర్చుంది జయశీల. హేమసుందర్ పక్కనే కూర్చున్నాడు. కాంట్రాక్టరు అప్పటికి రెండుసార్లు ఫోను చేశాడు. రెండుసార్లూ 'తర్వాత మాట్లాడతా' అన్నాడు హేమసుందర్.

"కుదిరినవాళ్లు ఇంతమందే," అంది జయశీల. "వీళ్లతో రెండో షిఫ్టు నడవదు. మీరు చెప్పండి. ఈసారి నిజంగానే అడుగుతున్నాను."

వాళ్లు రెండు రోజులుగా తమలో తాము మాట్లాడుకున్నట్టున్నారు, ఎవరూ తడుముకోలేదు. అందరి తరఫునా ఓంవతి చెప్పింది.

"మగవాళ్లని తీసుకోండి మేడమ్‌జీ. మాకేం అభ్యంతరం లేదు. పని పెరిగితే మనుషులు కావద్దా? కానీ కాంట్రాక్టరు ద్వారా వద్దు. ఈ నెల ఉండి వచ్చే నెల పోయేవాడికి మేమెందుకు నేర్పాలి? కంపెనీలోనే పెట్టుకోండి. సగం మందిమి పగలు ఉంటాం, రాగలిగినవాళ్లం రెండో షిఫ్టుకి వస్తాం. రెండింట్లోనూ లీడర్లు మాలోంచే ఉండాలి."

"ఆడవాళ్లు చెప్తే వాళ్లు వింటారా?" అన్నాడు హేమసుందర్. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

"మీరిప్పుడు వింటున్నారు కదా సాబ్‌జీ."

క్యాంటీనంతా నవ్వింది. హేమసుందర్‌కీ నవ్వాగలేదు. నవ్వుతూనే లెక్క వేసుకున్నాడు. కొత్తవాళ్లకి నేర్పాలంటే వారాలు పడుతుంది. ఆర్డరు మొదటి విడత తప్పుతుంది.

మెట్ల మీద జయశీలతో ఆ మాటే అన్నాడు. "తప్పుద్ది," అంది ఆమె. "ప్లాంటు మీది. రెండు దారులూ చూశారు. నిర్ణయం చెప్పండి. కాంట్రాక్టరు కాగితం తెచ్చినా సంతకం పెడతానన్నాను, ఆ మాట మీదే ఉన్నాను."

ఆమె అతని మొహంలోకి చూడకుండా రెయిలింగు మీది దుమ్ము వేలితో తుడుస్తూ నిలబడింది. ఆమె చేయమన్నట్టు చేయడం అతనికి తెలిసిన పనే. ఇంతకుముందు ప్రతి బాసు దగ్గరా అదే చేశాడు. ఈ మనిషి ఎండలో రెండు రోజులు ఊళ్లు తిప్పి, తన మనసులో ఏముందో అంతా చూపించి, చివరికి ఓంవతికి బండి తాళం ఇచ్చినట్టే నిర్ణయం అతని చేతిలో పెట్టింది. కాదంటే నిజంగానే ఊరుకుంటుందని అతనికి తెలుసు. అందుకే ఆ తాళం బరువనిపించింది.

"ఓంవతి చెప్పినట్టే చేద్దాం," అన్నాడు. "కాంట్రాక్టరుకి నేను చెప్తాను."

జయశీల తలూపి, అక్కడే నిలబడి పార్సిళ్ల కంపెనీకి ఫోను చేసింది. అటువైపు మాటలు వినపడలేదు. ఇటువైపు ఒక్కటే సంగతి, చుట్టూ తిప్పకుండా, "మొదటి విడత అనుకున్నన్ని ఇవ్వలేను. దసరా నుంచి పూర్తిగా ఇస్తాను. ఇస్తానని ఇప్పుడు చెప్పి అప్పుడు మాట తప్పడం నా వల్ల కాదు," అంది. తర్వాత చాలాసేపు విన్నది. "ఠీక్ హై. అర్థమైంది," అని పెట్టేసింది.

"సగం ఆర్డరు ఇంకెవరికో ఇస్తారట."

ఆ ఆర్డరు కోసం ఆమె ఏడాదిగా తిరిగిన తిరుగుడు కంపెనీలో అందరికీ తెలుసు. "మేడమ్, ఇంకోసారి ఆలోచిస్తే..." అన్నాడు హేమసుందర్.

"ఎందుకు? మిగిలిన సగం మనకేగా." ఆమె ఒక మెట్టు దిగింది. "ముందు అది సరిగ్గా చేద్దాం. రండి, మీ మనుషుల్ని వెతుక్కోండి. నేను బ్యాంకువాళ్ల మొహం చూడాలి."

*

రెండో షిఫ్టు మొదలయ్యే రోజు మధ్యాహ్నం హేమసుందర్ గేటు దగ్గర నిలబడ్డాడు. ఎండకి తారు మెత్తబడి చెప్పుకి అంటుకుంటోంది. కొత్తగా చేరిన మగవాళ్లు కొందరు బ్యాటరీ హాలు బయట వరసగా నిలబడి, ఇచ్చిన కోట్ల బొత్తాలు సర్దుకుంటున్నారు. జయశీల జాడ లేదు. రిబ్బను కట్టలేదు, ఫొటోగ్రాఫరు లేడు. ఏదో అడ్డం వచ్చి ఉంటుందనుకుని ఫోను చేశాడు.

"ఢిల్లీ ఆర్.కె. పురంలో మా అమ్మ దగ్గరున్నా," అంది. "చేపల పులుసు తింటున్నా."

"ఇవాళ మొదటి రోజు కదా మేడమ్! మీరు రాకపోతే ఎలా?"

"నేనొస్తే అందరూ నా మొహం చూస్తారు. నువ్వున్నావుగా."

పెట్టేసింది. ఆర్నెల్లలో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు. హేమసుందర్ ఫోను జేబులో వేసుకున్నాడు.

మలుపులో దుమ్ము లేచింది. చప్పుడు లేకుండా మూడుచక్రాల బండి గేట్లోకి వచ్చింది, వెనకే ఇంకోటి. మొదటిదాన్ని ఓంవతి నడుపుతోంది. వెనక సీట్లో ఆడవాళ్లు టిఫిను డబ్బాలు ఒళ్లో పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడుతూ మాట్లాడుకుంటున్నారు. వాళ్ల మధ్యలో పసుపుపచ్చ చున్నీలో కొత్త మొహం ఒకటి బెదురుగా చూస్తోంది.

"మా మరిది పెళ్లాం," అంది ఓంవతి బండి ఆపి. "మామయ్య పంపించారు. పది చదివింది. పని ఉందా అని అడిగి రమ్మన్నారు."

"ఉంది," అన్నాడు హేమసుందర్. అంత తొందరగా జవాబు వచ్చినందుకు తనకే ఆశ్చర్యమేసింది.

"రాత్రి తిరిగి వెళ్లాలంటే బండి చార్జింగు పెట్టాలి సాబ్‌జీ. ప్లగ్గు ఎక్కడ?"

ఆ ఆవరణలో నీడనున్న ప్లగ్గు ఒక్కటే, ప్లాంట్ హెడ్ కారు పెట్టుకునే రేకుల షెడ్డులో. ఎండలో పెడితే బ్యాటరీ వేడెక్కుతుందని వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. హేమసుందర్ వెళ్లి తన కారు బయటికి తీసి, నీడ లేని ప్రహరీగోడ పక్కన ఎండలో నిలిపాడు. దిగి వచ్చేసరికి ఓంవతి బండిని వెనక్కి తోలుకొచ్చి షెడ్డులో ప్లగ్గు పక్కనే ఆపి, తీగ తగిలించేసింది. పచ్చదీపం వెలిగింది. రెండో బండి తన వంతు కోసం పక్కన నీడలో ఆగింది.

హాలు బయట కొత్తవాళ్లు ఎదురుచూస్తున్నారు. ఓంవతి చేతులు దులుపుకుని, ఎండలో చెమటతో నిలబడ్డ హేమసుందర్ వైపు చూసింది.

"పదండి సాబ్‌జీ," అంది. "టైమైంది. వాళ్ల లీడర్ని నేనేనని మీరే చెప్పాలి."

"చెప్పను," అన్నాడు హేమసుందర్. "పరిచయం చేస్తాను. చెప్పేది నువ్వే."

ఆమె ముందు నడిచింది. అతను వెనక నడిచాడు.